గవరమ్మ మూటలో తాళంచెవి

సోమనాథయ్యగారికి ఒక అలవాటుండేది. ప్రశ్న తేలికైనదైతే అక్కడికక్కడే జవాబిచ్చేవారు, బరువైనదైతే "చూద్దాం" అనేవారు. సరిహద్దు కోటలో చాలాకాలం న్యాయాధికారిగా పనిచేసి, కోట కిందనే పాఠశాల పెట్టుకున్న మనిషి. తేలని నేరాలు ఇంకా ఆయన ముందుకే వచ్చేవి. ఆయన "చూద్దాం" అన్నారంటే శిష్యులమైన మాకు ఆ పూట భోజనం సహించేది కాదు.

నా తోటి శిష్యుడు కేశన్న అడిగింది బరువైనదే. అతను మర్నాడు కోట కావలికి నాయకుడిగా వెళ్లబోతున్నాడు. ఏటికి అవతల శత్రువు దండు దిగి ఉంది.

"గురువుగారూ, ఇల్లు సోదా చేసేవాడు ముందు గడపలో నిలబడి, ఇరుగుపొరుగువాళ్లిద్దరి ఎదుట తన బట్టలు దులిపి చూపించాలి. ఆపైన వాళ్ల కళ్లముందే ఒక్కొక్క వస్తువూ తీయాలి. ఇదీ మన కట్టుబాటు. మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. శత్రువు ఏటి ఒడ్డున ఉన్నప్పుడు కూడా ఈ దులుపుళ్లేనా? నిజాయితీపరుడికి ఈ అవమానం ఎందుకు?"

"చూద్దాం," అన్నారాయన.

ఆ మధ్యాహ్నమే కోటలో గగ్గోలు లేచింది. ఏటి వైపున్న చిన్న దిడ్డివాకిలి తాళంచెవి కనబడటం లేదు. అది అవతలివాళ్ల చేతిలో పడితే కోట పోయినట్టే. అనుమానం గవరమ్మ మీదికి పోయింది. కావలివాళ్ల బట్టలుతికేది ఆవిడే, ఆవిడ తమ్ముడు ఉండేది ఏటి అవతల ఊళ్లో. ఇంకేం కావాలి? ఒకరోజు ముందే కత్తి చేతికిచ్చి కేశన్నను పంపారు. అతను ఎవర్నీ పిలవలేదు, ఏదీ దులపలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. కాసేపటికే తాళంచెవి పట్టుకుని, గవరమ్మ చేతులు కట్టి, పాఠశాల ముందుకు తీసుకొచ్చాడు. వెనకాలే వీధి వీధంతా కదిలివచ్చింది.

"మాసిన బట్టల మూటలో దొరికింది," అన్నాడు. అతని ముఖం వెలిగిపోతోంది.

గవరమ్మ ఏడవలేదు. "మూటలో ఉంటే ఉండొచ్చు బాబయ్యా. మొలలో దోపుకున్నవి మరిచిపోయి బట్టలు పడేసేవాళ్లు లేరా? ఏ బట్టలో ఉందో చెప్పమనండి. ప్రతి బట్టకీ నేను పెట్టిన గుర్తుంటుంది. చూసి ఎవరిదో చెబుతాను."

సోమనాథయ్యగారు శిష్యుడి వైపు చూశారు. అతను బట్టలు ఒక్కొక్కటిగా తీయలేదు, మూట మొత్తం నేలమీద కుమ్మరించాడు. తాళంచెవి ఎక్కణ్నుంచో జారి కిందపడింది. అతనికి తెలిసింది అంతే.

"అది మూటలో ఉందో, ఈయన మొలలోనే ఉందో, చూసొచ్చారా ఎవరైనా?" అంది గుంపులోంచి ఒక గొంతు.

కేశన్నకు ఒళ్లు మండింది. "నేను అబద్ధమాడతానా గురువుగారూ?"

"ఆడవు. ఆ సంగతి నాకు తెలుసు," అన్నారాయన. "వాళ్లకెలా తెలుస్తుంది?"

దిడ్డివాకిలికి వేరే తాళం వేయించమని కోటకు కబురు పంపి, గవరమ్మ చేతుల కట్లు విప్పించారు.

"ఈవిడ నిజంగా శత్రువు మనిషే అయితే?" అన్నాడు కేశన్న.

"అయితే శత్రువు మనిషిని వదిలేశాం."

గవరమ్మ కదల్లేదు. "వదిలేస్తే సరిపోయిందా బాబయ్యా? నేను తీయలేదని ఒక్కరూ అనలేదు కదా. రేపణ్నుంచి నాకు బట్టలెవరు వేస్తారు?"

ఆవిడ ఒక్కతే వెళ్లిపోయింది. సోమనాథయ్యగారు తల దించుకోగా చూసింది నేను ఆ ఒక్కసారే.

గుంపు చెదిరాక కేశన్న గడపలోనే కూలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ జనం తన నడుం వైపు చూసిన చూపు అతనికి తెలుస్తూనే ఉంది.

"వ్యవధి లేదనుకున్నాను గురువుగారూ," అన్నాడు చివరికి.

ఆయన మెల్లగా అడిగారు.

"పంచె దులపడానికి ఎంతసేపు పడుతుంది నాయనా?"