నోరు కట్టుకున్నవాడు

అచలానందులవారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. కాలవ గట్టున ఉన్న ఆయన ఆశ్రమానికి వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. రిటైరైన పోస్టుమాస్టరు పేర్రాజుకీ తెలుసు. అయినా ఒక శుక్రవారం ఆగలేక అడిగేశాడు.

"పదకొండేళ్ళుగా నోరు కట్టుకున్నాను స్వామీ. పొద్దున్నే నడుస్తాను. మాత్ర తప్పను. వేలు పొడుచుకుని మిషన్లో షుగరు చూసుకుంటాను. తీపి మీద ఆశ మాత్రం చావటం లేదు. ఎప్పుడు చస్తుంది?"

పాపం, అతని బాధ అబద్ధం కాదు. పెళ్ళిభోజనంలో బూరెలు వస్తుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు గానీ, కళ్ళు ఆ బుట్ట వెంట పంక్తి చివరిదాకా వెళ్ళేవి. ఒక్క శుక్రవారం మాత్రం, ఆశ్రమంలో ప్రసాదం పంచేవేళ, గట్టు తెగేది. ప్రసాదానికి పథ్యమేమిటని తనకు తానే ఒక శాస్త్రం రాసుకుని, రెండు దొప్పల చక్కెర పొంగలి లాగించేవాడు. మిషనుకి ఆ శాస్త్రం తెలియదు కదా! శనివారం పొద్దున రెండొందల నలభై చూపించేది.

గురువుగారు ఒక దొప్ప నిండా పొంగలి పెట్టి, పైన ఆకు మూసి అతని చేతికిచ్చారు.

"ఇది నీకు కాదు, మీ ఆవిడకి. నడిచి వెళ్ళు."

ఇల్లు రెండు మైళ్ళు. వేడి నెయ్యి, ఏలకులు, పచ్చకర్పూరం కలిసిన వాసన ప్రాణం లాగేస్తోంది. ఆకు సందులోంచి ఒక జీడిపప్పు కనిపిస్తోంది. ఒక్కటే కదా అని నాలుగుసార్లు అనుకున్నాడు. ఇది తనకి పరీక్ష అనుకుని పళ్ళు బిగబట్టి నడిచాడు.

అతని భార్య మాణిక్యాంబ దొప్పని కళ్ళకద్దుకుని వంటింట్లో పీట మీద కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పదకొండేళ్ళయిందండీ, ఈ రుచి నాలిక్కి తగిలి."

"నీకు షుగర్ లేదు కదే!"

"ఇంట్లో పంచదార డబ్బా ఉంటే మీ చెయ్యి ఊరుకుంటుందేంటండీ? అందుకే తేవటం మానేశాను. బయటెక్కడైనా పెట్టినా, మీరు తినలేరు కదాని తినబుద్ధయ్యేది కాదు."

ఆవిడ కాఫీ కూడా చప్పగానే తాగేది. అది ఆవిడ ఇష్టమనుకున్నాడు ఇన్నాళ్ళూ. పేర్రాజుకి సిగ్గేసింది. నోరూ ఊరింది. కానీ చెయ్యి చాపలేదు. ఆవిడ దొప్ప అడుగు వేలితో ఊడ్చుకుని తినేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాడు.

మళ్ళీ శుక్రవారం జరిగిందంతా గురువుగారికి చెప్పి తలవంచుకున్నాడు.

"ఆశ మాత్రం చావలేదు స్వామీ."

గురువుగారు అప్పటికే ఇంకో దొప్ప నింపుతున్నారు.

"నోరు కట్టుకోవటం ఎప్పుడో వచ్చింది నాయనా నీకు. కట్టుకున్నదాని నోరు ఇప్పటికి కనిపించింది. ఇదిగో, చల్లారకముందే నడు."