లోతు తెలియని రేవు

కోటలోనూ, ఏటి అవతలి పల్లెల్లోనూ ఒకేసారి విషజ్వరం పాకింది. ఆస్థాన వైద్యుడు మార్తాండశాస్త్రి కొత్త కషాయం కుండలతో రేవుకు వచ్చాడు.

పడవ నడిపే నూకాలు ముందే చెప్పింది. "అయ్యా, మొన్నటి వరదకి ఇసుక కదిలింది. ఇవాళ లోతెంతో నాకు తెలీదు. ఎక్కుతారో మానతారో మీ ఇష్టం."

"తెలియదని చెప్పుకోడానికి సిగ్గులేదూ?" అని కసురుతూనే ఎక్కాడు శాస్త్రి. ఆమె గెడతో అడుగడుగునా లోతు చూసుకుంటూ ఒడ్డు చేర్చింది.

అవతల జనం పోగయ్యారు. "తిరుగులేని మందు! ప్రజల ఆరోగ్యమే రాజుగారి ఆరోగ్యం!" అని శాస్త్రి గొంతెత్తాడు.

నూకాలు ఆ ఒడ్డునే ఉన్న తన ఇంట్లోంచి జ్వరంతో కాలిపోతున్న కూతుర్ని ఎత్తుకొచ్చింది. "కోటలో ఎంతమంది తాగారయ్యా?"

"ఇంకా ఎవరూ తాగలేదు. ముందు ఇక్కడ చూసి..."

"తిరుగులేనిదైతే రాజుగారి పిల్లలకి ముందు పొయ్యకుండా ఎలా ఉన్నారు? తెలీకపోతే, రేవులో నేను మీకు చెప్పినట్టు మీరు మాకెందుకు చెప్పలేదు?"

శాస్త్రి చెవులు వేడెక్కాయి. రేవులో తనన్న మాటే గుర్తొచ్చి తల వాలిపోయింది.

"నాకు తెలియదమ్మా. నయం కావచ్చు, కీడూ జరగొచ్చు. తాగుతారో మానతారో మీ ఇష్టం."

నూకాలు కూతురి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"తగ్గేదాకా పక్కనే ఉంటారా?"

"ఉంటాను."

"అయితే చుక్క చుక్కగా పొయ్యండి. గెడ మాత్రం వదలొద్దు."

కుండ మూత తీస్తున్న శాస్త్రి, ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.