చెయ్యి దిగిన మల్లన్న

నల్లమల అంచున, సాళువకొండ మీది గుహాలయంలో శ్రీ మల్లన్నస్వామి వెలసి ఉన్నాడు. ఇక్కడ స్వామికి లింగరూపం లేదు. రెక్కలు ముడుచుకున్న డేగ ఆకారంలో, భక్తుల వైపు చూడకుండా మెడ పక్కకు తిప్పుకుని దర్శనమిస్తాడు. విగ్రహాన్ని సరిచేసి పెట్టించమని ఏటా ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉన్నారు. స్వామి తిప్పుకున్న మెడను సరిచేయడానికి మనమెవరం? నైవేద్యం సంగతి ఇంతకన్నా తలనొప్పి. ఇక్కడ స్వామికి పూటకు పిడికెడు అన్నమే నివేదన. బోర్డు పెట్టాం, మైకులో చెప్పాం. అయినా గంగాళాలతో పులిహోర మోసుకొచ్చి, "మా మొక్కు మాది, మీ సొమ్మేం పోయింది?" అని అర్చకుల మీద విరుచుకుపడేవారు తగ్గలేదు. చెప్పి చెప్పి విసిగిపోయి ఇక్కడ వ్రాస్తున్నాం. దయచేసి కొండ ఎక్కే ముందే చదవండి.

పూర్వం ఇక్కడ కొండ కింది కోటలో ఒక పాలెగాడు ఉండేవాడు. ఆయన వేటడేగలను సాకే పని మద్దిలేటిది. పక్షులంటే అతనికి పుట్టుపిచ్చి. పెళ్లిపీటల మీద కూడా ఆకాశంలోకి చూస్తుంటే పురోహితుడు గడ్డం పట్టుకుని ముఖం కిందికి దించవలసి వచ్చిందట. తల నెరిసినా ఆ పిచ్చి తగ్గలేదు. చుక్క అనే ఆడడేగ అతని ప్రాణం. కడుపు నిండిన డేగను ఎగరేస్తే తిరిగి చేతికి రాదు గనుక, దానికి రోజూ మాంసం కొలిచి పెట్టేవాడు. అంతటితో ఆగాడా? అప్పట్లో గుహగోడకు పెట్టిన పసుపుబొట్టే మల్లన్న. ఆ మల్లన్నకు కూడా అదే కొలతన పిడికెడు అన్నమే పెట్టేవాడు.

అతని భార్య తిమ్మక్కకు ఇది ఒళ్లుమంట. "ఇంట్లో బియ్యముండాయో లేదో ఒక్కనాడన్నా అడగడు గానీ, ఆ పక్షి రెట్ట ఏ రంగులో ఉందో దినామూ చూస్తాడు" అని అందరితో చెప్పుకునేది. ఒకసారి మద్దిలేటి జ్వరంతో మంచం పట్టగా రెండు పనులూ ఆమె మీద పడ్డాయి. చిక్కిన డేగను చూసి ఆమె మనసు ఆగలేదు. దానికి కోడిపిల్లను మొత్తంగా వేసింది. మల్లన్నకు కుండెడు పరమాన్నం పెట్టింది. కాలికట్టు విప్పగానే చుక్క లేచి కొండకొమ్మున వాలింది. పిలిస్తే తిరిగి చూడలేదు.

మద్దిలేటి జ్వరంతోనే కొండ ఎక్కి, బండ మీద నిలబడి చెయ్యి చాచాడు. చుక్క వాలేదాకా చెయ్యి దించనని, పచ్చి మంచినీళ్లు ముట్టనని పట్టుబట్టాడు. చూస్తుండగానే మనిషి పుల్లలా అయిపోయాడు. "ఒక పక్షి కోసరం సచ్చిపోతావా? నేనేమై పోవాల?" అని తిమ్మక్క ఏడ్చింది, తిట్టింది, కాళ్లు పట్టుకుంది. "ఆకలైతే వస్తాది లేమ్మే, నువ్వు ఇంటికి పో" అన్నాడే గాని చెయ్యి దించలేదు.

స్వామికి కోపం వచ్చిందనుకుని ఊరివారు గుహకు తపేలాలు మోయసాగారు. తిమ్మక్క గుహలో పడి మొరపెట్టుకుని, ఏడ్చి ఏడ్చి మిట్టమధ్యాహ్నం కునుకు తీసింది. కలలో మల్లన్న కనిపించాడు. "అమ్మా, నువ్వు పెట్టిందే ఇంకా అరగలేదు. ఆపైన వీళ్ల పొంగళ్లు. కన్నే తెరవలేకున్నాను, నీ పెనిమిటిని ఎట్లా చూసేది?" అని విసుక్కున్నాడు. ఆమె దిగ్గున లేచి, రోకలి తెచ్చుకుని గుహవాకిట కూర్చుంది. దేవుణ్ణి పస్తుంచితే పాపం తగులుతుందని పెద్దలు చెప్పబోయారు. "తగిలితే నాకు తగలనీ. ఒక్క మెతుకు లోపలికి పోయిందంటే తలకాయలు పగుల్తాయి" అన్నది.

పస్తులతో స్వామికి ఆకలి పుట్టింది. ఆకలి పుట్టాక కళ్లు తెరుచుకున్నాయి. బండ మీది ముసలివాణ్ణి చూసి జాలిపడి, డేగరూపం ధరించి స్వయంగా అతని ముంజేతి మీద వాలాడు. మునులు ఏళ్ల తరబడి తపస్సు చేసినా దొరకని భాగ్యం అది. మోక్షం అడగవచ్చు, కనీసం జ్వరమైనా తగ్గించమనవచ్చు. మద్దిలేటి చేతిని కొంచెం ఎత్తి బరువు చూసుకున్నాడు. అది చుక్క బరువు కాదు. వచ్చినదెవరో తెలిసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "సామీ, ఏమనుకోవద్దు. రవ్వంత దిగి పక్కన కూసో. నువ్వుంటే చుక్కకు చోటు లేదు" అన్నాడు.

స్వామి చెయ్యి దిగి, తిమ్మక్కను దాటుకుని గుహలోకి నడిచి, మెడ పక్కకు తిప్పుకుని శిలయ్యాడు. అప్పుడు చుక్క వచ్చి ఖాళీ అయిన చేతి మీద వాలింది. మద్దిలేటి భార్య వెంట కొండ దిగి, ఇల్లు చేరి గంజి తాగాడు.

నాటినుండి స్వామికి చెయ్యి దిగిన మల్లన్న అనే పేరు స్థిరపడింది. నేటికీ తిమ్మక్క వంశపు ఆడపడుచు ఒకరు గుమ్మంలో కూర్చుని పిడికెడు కొలిచి లోపలికి పంపుతుంది. ఆమెతో వాదించవద్దు. కార్తీక సోమవారాలలో భర్తల పిచ్చి వదిలించమని ఎందరో ఇల్లాళ్లు ఇక్కడికి వచ్చి మొక్కుకుంటారు. ఒకరి ఆయనకు పావురాలు, ఒకరి ఆయనకు చేపల గాలం, ఒకరి ఆయనకు చదరంగం. ఇంతవరకు ఒక్కరి పిచ్చీ వదలలేదు. ముందే చెబుతున్నాం, తరువాత కార్యాలయానికి వచ్చి మమ్మల్ని నిలదీయవద్దు. తనను దిగమన్నవాణ్ణే ఏమీ అనని స్వామి మీ ఆయన పావురాలను ఏమంటాడు? అయితే ఇక్కడ మొక్కుకున్న ఇల్లాలి భర్త, పగలంతా ఎక్కడ తిరిగినా, పొద్దుగూకేసరికి ఇల్లు చేరతాడు. ఆ ఒక్క మాట స్వామి ఇంతవరకు తప్పలేదు.