తవిటమ్మ గడప

అనగనగా, ఏరు ఇప్పుడున్న దారిలో పారని రోజుల్లో, మన తాతల తాతలకు ఇంకా మీసాలు రాని రోజుల్లో, అన్నీ తాటాకు ఇళ్ళే ఉన్న ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో తవిటమ్మ అనే మనిషి ఉండేది. ఊ కొట్టండి. ఊరికే తలలూపితే నాకు వినపడదు.

తవిటమ్మ అనే పేరు ఎందుకొచ్చిందంటే, ఆమెకు ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. అందుకని తల్లి ఈ పిల్లను చేటెడు తవుడికి పొరుగామెకు ఇచ్చేసినట్టు ఇచ్చేసి, మళ్ళీ తెచ్చుకుంది. అలా చేస్తే, ఇదెవరికీ అక్కర్లేని పిల్ల అనుకుని చావు అటు చూడదట. చావు చూడలేదు, నిజమే. ఊరూ చూడలేదు.

తవిటమ్మకు పెళ్ళయింది. మొగుడు పోయాడు. ఇది చెప్పడానికి నాకు రెండు ముక్కలు సరిపోయాయి. ఆమెకు మిగిలిన బతుకంతా పట్టింది.

ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టుకున్నా మట్టి తొక్కేది తవిటమ్మే. ఏటిగట్టు మట్టి తెచ్చేది, గడ్డి తుంపులు కలిపేది, నీళ్ళు పోసి నానబెట్టేది. తర్వాత కొంగు బిగించి దిగేది. మడమ కింద మట్టి జారడం మానేసి పట్టుకోవడం మొదలెట్టాక, అప్పుడు చాలు అనేది. మట్టి గోడ ఒక్కసారిగా లేవదు. మూరెడు ఎత్తు వరస పెట్టాలి, ఆగాలి, ఎండాక ఇంకో వరస పెట్టాలి. తొందరపడ్డ గోడ మొదటి వానకే కూలబడుతుంది. అందుకే తవిటమ్మ ఏ ఇంటికెళ్ళినా ఇదే పని. మట్టి తొక్కింది, వరస పెట్టింది, ఎండనిచ్చింది. మట్టి తొక్కింది, వరస పెట్టింది, ఎండనిచ్చింది.

ఆమె పెట్టిన గోడల మధ్య పెళ్ళిళ్ళు జరిగాయి, పురుళ్ళు జరిగాయి. ఆమె అలికిన నేల మీద విస్తళ్ళు వేశారు. శుభకార్యం నాడు మాత్రం తవిటమ్మ పెరట్లో ఉండాలి. ముందురోజు దాకా గడప మీద పేడనీళ్ళు చల్లిన చెయ్యే, తెల్లారేసరికి పనికిరాని చెయ్యి అయిపోయేది. ఇందులో తర్కం ఏమిటని నన్నడక్కండి. నేను చాలామందిని అడిగాను. ఒక్కరూ చెప్పలేదు.

పగలంతా ఎవరి ఇల్లో కట్టి, తవిటమ్మ ఎవరి అరుగు మీదో పడుకునేది. అరుగు మీద పడుకునే మనిషి ఇంటివాళ్ళ కంటే ముందు లేవాలి, చాప చుట్టెయ్యాలి, అక్కడ పడుకున్న జాడ లేకుండా ఊడ్చెయ్యాలి. అలా చాలా అరుగులు ఊడ్చాక, ఉప్పుగాలి కొట్టే వైపు, ఎవరూ నాగలి పెట్టని ఒక మెరక ముక్కను ఊరికి పెద్ద అయిన పెద్దనాయుణ్ణి అడిగింది. అక్కడ గడ్డి కూడా మొలవదు కనుక ఆయన తీసుకోమన్నాడు.

ఇంక చూడండి. పొద్దున ఊరి గోడలు, సాయంత్రం తన గోడ. మట్టి తొక్కింది, వరస పెట్టింది, ఎండనిచ్చింది. గోడ లోపలి పక్క అరచేత్తో రాసి రాసి ఎంత నునుపు చేసిందంటే, ఈగ వాలితే జారిపోయేంత. గోడలో మూడు గూళ్ళు వదిలింది. ఒకటి దీపానికి, ఒకటి దువ్వెనకి. మూడోది ఎందుకో తనకే తెలీదు. ఉండనీ, ఏదో ఒకటి వస్తుంది అనుకుంది. పైన వెదురు కట్టింది, తాటాకు కప్పింది. ఆ ఇంట్లో మొదటిసారి పడుకున్న మర్నాడు, ఎండ కాళ్ళ మీదికి వచ్చేదాకా లేవలేదు. లెమ్మనేవాళ్ళు లేరు కదా. ఆమె బతుకులో ఆ ఒక్క పొద్దుకి సాటి ఇంకోటి లేదని చెబుతారు.

అన్నీ అయ్యాయి గానీ ఒకటి కాలేదు. ద్వారబంధం.

ద్వారబంధం ఎత్తడమంటే ఊరికే చెక్కలు నిలబెట్టడం కాదు. మంచి రోజు చూడాలి. మొగుడున్న ఆడది వచ్చి గడపకు పసుపు రాసి, కుంకుమ పెట్టాలి. ఆ తర్వాతే వడ్రంగి దాన్ని ఎత్తి నిలబెడతాడు. తలుపు దానికే బిగించాలి, దాని నెత్తిమీదే పై గోడ పెట్టాలి. అది లేకపోతే గోడలో నేల నుంచి చూరు దాకా ఒక సందు మిగిలిపోతుంది. తవిటమ్మ ఇంటికి అలాగే మిగిలింది. వడ్రంగి సన్నాసి వేపకర్రతో ద్వారబంధం, తలుపు చేసి ఇచ్చాడు. తవిటమ్మ వాటిని గోడకు ఆనించి, తడవకుండా చాప కప్పి, పసుపు రాసే చెయ్యి కోసం బయల్దేరింది.

మొదట పెద్దనాయుడి భార్య అచ్చియ్యమ్మ దగ్గరికి వెళ్ళింది. అచ్చియ్యమ్మ ఇంటి గోడలన్నీ తవిటమ్మ తొక్కినవే. తప్పకుండా వస్తాననీ, రోజు కూడా తనే చూసి చెబుతాననీ అంది. చెప్పింది కూడా. ఆ రోజు తవిటమ్మ తలంటు పోసుకుని, పసుపు నూరి గిన్నెలో పెట్టుకుని, సందు ముందు కూర్చుంది. పొద్దెక్కింది, పొద్దు వాలింది. కోడలు కడుపుతో ఉందట. అలాంటి ఇంటికి ఇప్పుడు వెళ్ళకూడదని ఎవరో అన్నారట. వస్తానంది. రాలేదు. పసుపు గిన్నెలోనే ఎండిపోయింది.

వాన వచ్చింది. సందులోంచి జల్లు కొట్టి నేలంతా బురదైంది. తవిటమ్మ ఎత్తిపోసింది, మళ్ళీ అలికింది.

రెండోసారి కుమ్మరోళ్ళ పోలమ్మ దగ్గరికి వెళ్ళింది. పోలమ్మ మంచిదే. తవిటమ్మ ఇంటికి వంట కుండలు ఊరికే ఇచ్చింది. దానికేం వదినా, నేనొస్తాను అంది. ఆ రోజు మాత్రం కుండలు కాల్చే ఆము ముట్టించేశామని కబురు పంపింది. ఆము దగ్గర పొగ మాత్రం ఎవరికీ కనపడలేదు. వస్తానంది. రాలేదు. పసుపు గిన్నెలోనే ఎండిపోయింది.

మళ్ళీ వాన వచ్చింది. సందు అంచుల్లో గోడ నానింది, పెళ్ళలు ఊడాయి. మేకలు లోపలికొచ్చి చూరు తాటాకు లాగాయి. కుక్క ఒకటి పొయ్యిలో ఈనింది. తవిటమ్మ మేకల్ని తోలింది, కుక్కకి గంజి పోసింది, గోడ మళ్ళీ మెత్తింది. ఇల్లు కట్టాక పని అయిపోతుందనుకుంది పాపం. అది అప్పుడే మొదలైంది.

సన్నాసి ఒకరోజు అటు పోతూ ఆగాడు. చాప ఎత్తి, కింద మగ్గుతున్న తన పనితనాన్ని చూసుకున్నాడు.

"ఓలమ్మా తవిటమ్మా, ఇల్లు నీది, తొక్కింది నువ్వు. ఆ పసుపేదో నువ్వే రాసీయి. నేనెత్తీస్తాను" అన్నాడు.

"వద్దన్నా. నా సెయ్యి పడితే ఇంటికి అచ్చిరాదు."

"ఎవులు సెప్పినారు?"

"ఎవులో సెప్పాలేటి? అందరికీ తెలిసిందే."

సన్నాసి భుజమ్మీద ఉలి సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. గోడకు అచ్చొచ్చిన చెయ్యి, నేలకు అచ్చొచ్చిన చెయ్యి, గడపకు ఎందుకు అచ్చిరాదే తల్లీ? ఊరు నమ్మిందంటే దాని సుఖం కోసం నమ్మింది. నువ్వెందుకు నమ్మావు? కానీ నమ్మింది. పుట్టినప్పటి నుంచి ఒకే మాట వింటే, అది తన మాటే అనిపిస్తుంది మనిషికి.

మూడోసారి సొంత తోడికోడలు ఆదెమ్మ దగ్గరికి వెళ్ళింది. అయినవాళ్ళని అడగడానికి మొహమాటమని చివరికి మిగుల్చుకుంది. ఆదెమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు బియ్యంలో రాళ్ళు వెతికింది. మిగతా ఇద్దరిలా అబద్ధం చెప్పలేదు.

"అప్పా, నా మొగుడు నాకుండాల కదా" అంది.

"ఉండాల" అంది తవిటమ్మ. "నాను కోరేదీ అదేనమ్మా."

అని, ఆదెమ్మ పెట్టిన మంచినీళ్ళు తాగి, చెంబు బోర్లించి, ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. సందుకి తాటాకు తడిక ఒకటి అల్లుకుంది. గాలి గట్టిగా వీస్తే అది ఎగిరి పొలాల్లో పడేది. వెళ్ళి తెచ్చుకునేది.

మూడో వాన పెద్దది. గాలి తడికను తీసుకుపోయింది, తీసుకుపోయి ఎక్కడ పడేసిందో దొరకలేదు. జల్లులో తడుస్తూ, గోడ మెత్తుతూ తవిటమ్మకు జ్వరం తగిలింది. గోడ వైపు తిరిగి పడుకుంది.

వాన వెలిసింది. జనం ఆ దారినే పొలాలకు వెళ్ళారు, ఆ దారినే తిరిగొచ్చారు. ఇంటి నోరు ఎప్పటిలాగే తెరుచుకుని ఉంది. తవిటమ్మ ఎవరి మట్టో తొక్కడానికి పోయుంటుందనుకున్నారు. అచ్చియ్యమ్మ పాలేరు ఆ దారినే పోయాడు. పోలమ్మ ఆ దారినే మట్టికి పోయింది. ఆదెమ్మ కూడా ఆ దారినే పోయింది, తల పక్కకు తిప్పుకుని. మూసిన తలుపు ఉంటే, ఇంకా తియ్యలేదేమని ఎవరైనా తట్టేవాళ్ళు. తలుపే లేని ఇంటిని ఎవరు తడతారు?

చివరికి సన్నాసి, ద్వారబంధం వానకు ఏమైందో చూద్దామని వచ్చి, లోపలికి తొంగిచూశాడు. అప్పటికి ఒళ్ళు చల్లబడి చాలాసేపైంది.

చావింటికి పిలుపు అక్కర్లేదు కదా. అందరూ వచ్చారు. అచ్చియ్యమ్మ వచ్చింది, పోలమ్మ వచ్చింది, ఆదెమ్మ వచ్చింది. పసుపు రోజున దాటలేని సందును ముగ్గురూ దాటి లోపలికి వచ్చారు. ఆ నునుపు గోడల్ని మొదటిసారి చూశారు. పోలమ్మ గోడ మీద చెయ్యి వేసి, ఇంత నునుపు నా కుండకి కూడా రాలేదే అని ఏడ్చింది. ఆదెమ్మ ఏడవలేదు. ఖాళీగా ఉన్న మూడో గూటి వైపు చూస్తూ నిలబడిపోయింది.

మనిషి లేని మట్టిల్లు ఎన్నాళ్ళుంటుంది? గోడ కరిగింది, తాటాకు చివికింది. ఇల్లు దిబ్బ అయింది.

కొంతకాలానికి ఆదెమ్మ కొడుక్కి కొత్త ఇల్లు కట్టారు. ఆమె మొగుడు నిక్షేపంలా ఉన్నాడు, పేరంటానికి మొదట పిలిచేది ఆమెనే. ద్వారబంధం ఎత్తే రోజు ఊరంతా చేరింది. ఆదెమ్మ పసుపు గిన్నె పట్టుకుని గడప ముందు కూర్చుంది. చెయ్యి గిన్నెలో పెట్టింది, తీసింది. మళ్ళీ పెట్టింది, తీసింది. మూడోసారి గిన్నె కింద పెట్టేసింది.

"ఈ మట్టి తొక్కిందెవులు?" అంది.

కన్నమ్మ తొక్కిందన్నారు. కన్నమ్మకూ మొగుడు లేడు, పెరట్లో నీళ్ళ గోలెం చాటున ఉంది. ఆమెను పిలవమంది ఆదెమ్మ. పెద్దలు గొణిగారు. ఆదెమ్మ మొగుడు కళ్ళెర్రజేశాడు. అప్పుడు సన్నాసి, ముసలివాడైపోయాడు అప్పటికి, ఉలి తీసి సంచిలో వేసుకున్నాడు.

"నానొక్కపాలి సెప్పీసి ఊరుకున్నాను. ఇంకొక్కపాలి సెప్పుంటే ఆ మడిసి తలుపేసుకుని బతికీది. కన్నమ్మ పసుపు రాత్తేనే నానెత్తుతాను, నేదంటే మీరే ఎత్తుకోండి" అన్నాడు.

కన్నమ్మ చేతులు కొంగులో దాచుకుంది. నా చెయ్యి వద్దమ్మా, అచ్చిరాదు అంది, అచ్చం తవిటమ్మలాగే. ఆదెమ్మ ఆమె మణికట్టు పట్టుకుని, ఆ చేతిని తనే పసుపులో ముంచి, గడప మీద పెట్టింది. అప్పుడు ఏడ్చింది ఆదెమ్మ. అంత ఏడుపు ఆ చావింట్లో ఏడవాల్సింది. ఇంకా ముందే, బియ్యంలో రాళ్ళు వెతికిన రోజునే ఏడ్చుంటే ఇంకా బాగుండేది.

ఆ ఇంటికి ఏమీ కాలేదు. ఎందుకవుతుంది?

అప్పటి నుంచి ఆ వైపు ఊళ్ళలో ఎవరు ఇల్లు కట్టుకున్నా, తవిటమ్మ దిబ్బ నుంచి పిడికెడు మట్టి తెచ్చి గడప కింద వేస్తారు. గడపకు మొదటి పసుపు, ఆ ఇంటి మట్టి తొక్కిన మనిషి రాస్తుంది. మొగుడున్నాడా, పోయాడా అని అడగరు. ఇప్పుడు సిమెంటు కలిపే కూలిదాన్ని కూడా పిలిచి రాయిస్తున్నారు, మంచిదే.

ఇంకొకటి కూడా ఉంది. దారిన పోయేవాళ్ళు, ఏ ఇంటి తలుపైనా బార్లా తెరిచి ఉండి మనిషి కనపడకపోతే, ఊరికే దాటిపోరు. అది కలవారి ఇల్లు కానీ, లేనివారి ఇల్లు కానీ, గుమ్మం ముందు ఆగి, "తవిటమ్మా, ఉన్నావా?" అని కేకేస్తారు. లోపల ముసలాడున్నా, బాలింతరాలున్నా, బడిపిల్లాడున్నా, వాళ్ళ పేరు అది కాకపోయినా, "ఉన్నాను" అని పలుకుతారు. ఆ మాట వినపడ్డాకే కాలు కదుపుతారు.

కథ అరుగు దిగి వెళ్ళిపోయింది. పలకవలసిన మనిషి ఉన్నప్పుడు మాత్రం ఆ కేక ఒక్కరూ వెయ్యలేదు.