దాసుగారు వెతికిన తోక

ఆ ఉదయం గౌరునాయుడు తన గజ్జెలను తువ్వాల్లో మూటకట్టి తెచ్చి ముఖలింగం దాసుగారి పాదాల దగ్గర పెట్టాడు. పెట్టి, తలెత్తకుండా నిలబడ్డాడు.

"తీసుకోండి గురువుగారూ. నాను కత సెప్పడం ఒగ్గేస్తాను."

దాసుగారు హరికథలు చెప్పి చెప్పి తల నెరిసిన మనిషి. వంశధార ఒడ్డున ఆయన గొంతు వినని ఊరు లేదు. మూట వంక చూడనైనా లేదు ఆయన.

"ఏమొచ్చిందిరా?"

ఏమొచ్చిందో చెప్పబోయి గౌరు పక్కకి చూశాడు. సింహాద్రి శ్రుతి కుదరడానికి మృదంగం ఎడమ మూతికి రవ్వముద్ద అద్దుతున్నాడు. దాసుగారి కథలన్నిటికీ వాయించేది అతనే. కండలు తిరిగిన చేతులు, చెవుల దాకా మెలితిప్పిన మీసం. ఆ మీసం ముందు ఈ మాట ఎలా అనడం?

చివరికి అన్నాడు. పోయిన నెల జాతరలో అశోకవనం కథ చెప్పాడు కదా. సీతమ్మ దుఃఖం దగ్గర ఆడవాళ్ళంతా కొంగులు తడుపుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది. మర్నాటి నుంచి టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు నడుం మీద చెయ్యేసుకుని, తువ్వాలు పైటలా కప్పుకుని, అతని వెనకాలే నడవడం మొదలెట్టారు. ఆ నడక అక్కడితో ఆగక పెళ్ళివారి వీధి దాకా వెళ్ళింది. తమ పిల్ల నూకరత్నాన్ని అతనికి ఇస్తామన్నవాళ్ళు ఇప్పుడు నీళ్ళు నములుతున్నారు.

"అబ్బాయి తేడా మనిషని ఎవరో సెప్పినారంటండి," అన్నాడు గౌరు. మెడ దాకా ఎర్రబడ్డాడు. "గజ్జెలు మానేస్తే ముహూర్తం పెట్టుకుందారంటన్నారు. పిల్ల పెదనాన్న పోలినాయుడు గారు నాతోటే వొచ్చినారు. గేటు కాడున్నారు."

నూకరత్నమంటే అతనికి ఇష్టం. గజ్జెలన్నా ఇష్టమే. తొమ్మిదో తరగతిలో దాసుగారి కథ విని ఇంటికి పోకుండా ఆయన వెనకాలే వచ్చేసినవాడు. ఒక ఇష్టాన్ని అమ్మి రెండోది కొనుక్కోమంటే వాడి గుండె ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

"పెద్దమనిషిని ఎండలో నిలబెట్టావా, బుద్ధిలేనోడా!" అన్నారు దాసుగారు. "లోపలికి పిలు."

పోలినాయుడు వచ్చాడు. మొహమాటపడే మనిషే, కానీ అడగవలసింది అడగకుండా పోయేవాడు కాదు. కుర్చీ అంచున కూర్చుని, కండువా సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"దాసుగారూ, మీరు పెద్దోరు. మీకాడ దాపరికమేటి. అబ్బాయి మంచోడేనని అందరూ అంటన్నారు. కానీ ఆ ఏడుపు సూత్తే... మగోడు అలాగ ఏడిసి, అలాగ నడిసి... మాకు ఆడపిల్ల బతుకు కదండీ."

దాసుగారు శిష్యుడి వైపు తిరిగారు.

"గౌరూ, గజ్జె కట్టు."

"గురువుగారూ, నాను..."

"కట్టి, సముద్రం దాటు."

గురువు మాట కాదనే అలవాటు అతనికి లేదు. మూట విప్పి గజ్జెలు కట్టుకున్నాడు. సింహాద్రి మృదంగం ఒళ్ళోకి లాక్కున్నాడు. గౌరు మొదట ఏదో మొక్కుబడికి మొదలుపెట్టాడు కానీ రెండో చరణానికి ఒళ్ళు మరిచిపోయాడు. ఛాతీ పొంగింది, దవడలు ఉబ్బాయి. మహేంద్రగిరి మీద హనుమంతుడు కాలు అదిమి పైకి లేచే చోట వాడు ఎగిరిన ఎగురుకి చూరుకి వేలాడుతున్న చిలకల పంజరం ఊగింది. పోలినాయుడు కుర్చీ అంచు నుంచి వెనక్కి జరిగి, "ఓర్నాయనో!" అన్నాడు.

పాట అయింది. గౌరు రొప్పుతూ నిలబడ్డాడు.

దాసుగారు చేతికర్ర పట్టుకుని మెల్లగా లేచారు. శిష్యుడి చుట్టూ తిరిగి, వెనక్కి వెళ్ళి, నడుం దగ్గర వంగి శ్రద్ధగా చూశారు. ఉత్తరీయం అంచు కర్రతో ఎత్తి మళ్ళీ చూశారు.

"ఏటండీ, ఏటి సూస్తన్నారు?" అన్నాడు పోలినాయుడు.

"తోక," అన్నారు దాసుగారు. "నా కళ్ళు మసకలు. మీరూ ఒకసారి ఇటొచ్చి చూసి చెప్పండి నాయుడుగారూ, ఏమైనా మొలిచిందేమో."

పోలినాయుడు ఒక్క క్షణం బిక్కమొహం వేశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. గౌరు నవ్వాడు. సింహాద్రి మీసం కూడా కదిలింది. నెల రోజులుగా గౌరు గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయింది.

"అలాగైతే మావోళ్ళకి సెప్పెయ్యమంటారా," అన్నాడు పోలినాయుడు కళ్ళు తుడుచుకుంటూ, "అబ్బాయి అలాటోడు కాదని?"

"ఛీ ఛీ!" అన్నాడు గౌరు, గురువుగారి కంటే ముందే. "అలాటోళ్ళ గాలి కూడా నా మీద సోకనివ్వను బావు!"

శ్రుతి చూసుకుంటున్న సింహాద్రి చెయ్యి మృదంగం మీద ఆగింది. అతను రవ్వముద్ద గీకేసి, వాయిద్యం మీద గుడ్డ కప్పి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

లోపలి నుంచి దాసుగారి భార్య కాఫీకి పిలిస్తే పోలినాయుడు లేచాడు. గురువూ శిష్యుడూ ఇద్దరే మిగిలారు. దాసుగారి ముఖంలో ఇందాకటి నవ్వు లేదు.

"ఆ ఛీ ఎవరికిరా?"

"ఎవరికీ కాదండి. ఊరికే..."

దాసుగారు పడక్కుర్చీలో వాలి కళ్ళు మూసుకున్నారు.

గౌరు వీధి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. గురువు తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు పడటం అతనికి అలవాటే.

మధ్యాహ్నం భోజనం వేళయింది. ఎప్పటిలాగే దర్జీ కూర్మారావు కేరేజీ పట్టుకుని వచ్చాడు. సింహాద్రీ అతనూ ఒకే ఇంట్లో ఉంటారు. గౌరు ఈ ఇంటికి రాకముందు నుంచీ అంతే. ఇద్దరికీ పెళ్ళిళ్ళు లేవు. ఎందుకు లేవని ఆ మీసాన్నీ ఆ కండల్నీ చూసి ఊళ్ళో ఎవరూ అడగలేదు. కూర్మారావు అరుగు చివర కేరేజీ విప్పి, పులుసులో ములక్కాడ ముక్కలన్నీ ఏరి సింహాద్రి వైపు పెట్టాడు. రోజూ పెట్టేదే. గౌరు రోజూ చూసేదే.

సింహాద్రి అన్నం కెలుకుతున్నాడు.

"ఏటైంది? తినవేటి?" అన్నాడు కూర్మారావు.

"ఏటీ నేదు. ఆకలి నేదు."

"పొద్దున్న బాగానే ఉన్నావు కదా." కూర్మారావు ఎడమ చేత్తో అతని నుదురు తాకి చూశాడు. "జొరమైతే కాదు."

"ఏటీ నేదన్నాను కదా. నువ్వు తిను."

గౌరు ఆ ఎడమ చేతిని చూశాడు. మొదటి కథకి తను కట్టుకున్న పట్టు పంచెకి జరీ అంచు కుట్టింది ఆ చెయ్యే. పైసా పుచ్చుకోలేదు. తాళం రాక ఏడ్చిన రోజుల్లో తన అరచెయ్యి పట్టుకుని, విసుక్కోకుండా, తొడ మీద తట్టించి తట్టించి లయ నేర్పింది ఈ సింహాద్రి మావే. ఇన్నేళ్ళ నుంచీ తను ఎగిరిన ప్రతి ఎగురుకీ కింద ఈయన చేతులున్నాయి.

నోట్లోంచి పోయిన ఆ ఒక్క అక్షరాన్ని వెనక్కి తెచ్చుకునే దారి ఉంటే గౌరు ఎంత దూరమైనా పరిగెత్తేవాడు.

పోలినాయుడు భోజనం కూడా ముగించి, మీసం తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, "అయితే మరి ఎల్లొస్తాను బాబూ. అబ్బాయి అలాటోడు కాదని మావోళ్ళకి గట్టిగా సెప్పేస్తాను. భయపడకు," అన్నాడు.

గౌరు లేచి నిలబడ్డాడు. కాళ్ళకు గజ్జెలు ఇంకా విప్పలేదు. కదిలితే మోగాయి.

"ఆ మాట సెప్పకండి బావు."

"మరేటి సెప్పమంటావు?"

"కత సెప్తాడని సెప్పండి. శనివారం సాయంత్రం సంత కాడ అశోకవనం సెప్తన్నాను. అందరూ రండి. సూసి, ఇట్టమైతే పిల్లనియ్యండి."

పోలినాయుడు ముఖం ముడుచుకుంది. "నానడిగింది అది కాదు కదా. ఔనో కాదో సెప్తే అయిపోద్ది."

"ఆ పెశ్నకి జవాబు సెప్పడం ఒగ్గేసినానండి."

అరుగు చివర సింహాద్రి తల ఎత్తలేదు. కానీ ములక్కాడ ముక్క ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. పోలినాయుడు గౌరు వంక అయోమయంగా చూసి, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. వస్తానని అనలేదు, రాననీ అనలేదు.

శనివారం సంత దగ్గర పందిట్లో దీపాలు వెలిగించారు. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. వాళ్ళు వస్తారో రారోనని గౌరు ప్రాణం పీకుతూనే ఉంది. వేదిక ఎక్కబోతూ చూస్తే పోలినాయుడు వచ్చాడు, పక్కన నూకరత్నం తల్లితో కూర్చుంది. టీ కొట్టు కుర్రాళ్ళూ వచ్చారు, వెనక వరసలో, తువ్వాళ్ళతో సహా.

కథకు ముందు గురువు గజ్జెలు కళ్ళకద్దుకుని శిష్యుడి చేతిలో పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. గౌరు చేతులు చాచాడు. దాసుగారు ఇవ్వబోయినవారల్లా, వాడి కళ్ళు మాటిమాటికీ మృదంగం వైపు పోవడం చూసి, గజ్జెలు కింద పెట్టేసి చేతులు రెండూ శాలువా లోపలికి ముడుచుకున్నారు.

గౌరు గజ్జెలు తీసుకుని వెళ్ళి సింహాద్రి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మావా, మీ సేత్తో ఇయ్యండి."

సింహాద్రి అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. జనం ఎందుకు ఆలస్యమని మెడలు సాచారు.

"కూర్మారావు మావ ఆ స్తంభం ఎనకాల నిలబడ్డాడు," అన్నాడు గౌరు నెమ్మదిగా. "ముందుకొచ్చి మీ పక్కన కూకోమనండి."

సింహాద్రి గజ్జెలు కళ్ళకద్దుకున్నాడు. స్తంభం వైపు చెయ్యూపి కూర్మారావుని పిలిచి, వాటిని గౌరు చేతిలో పెట్టాడు.

"మొకం తుడుసుకో," అన్నాడు. "సీతమ్మ ఇంకా రాలేదు, అప్పుడే ఏడుస్తావేట్రా."

ఆ సాయంత్రం గౌరు దేన్నీ దాచుకోలేదు. హనుమంతుడై పందిరి అదిరేలా ఎగిరాడు. సీతమ్మై చూడామణి విప్పి అరచేతిలో పెట్టుకుని, ఇవ్వలేక ఇస్తూ నిలబడ్డాడు. వెనక వరసలో ఒక్క తువ్వాలూ లేవలేదు. నూకరత్నం రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకుంటూ అతను ముందు వరసలోకి చూశాడు. పోలినాయుడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. కండువాతో ఒక కన్ను తుడుచుకుంటే రెండో కన్ను కారిపోతోంది. పక్కన కూర్చున్న దాసుగారు మెల్లగా అటు ఒరిగి, మెడ సాచి, ఆయన వీపు వెనక్కి శ్రద్ధగా తొంగి చూస్తున్నారు.

పోలినాయుడు గమనించాడు. ముక్కు చీదుకున్నాడు.

"జరగండి దాసుగారూ," అన్నాడు. "కత విననీండి."