తోపన్న ముందు, ఊపమ్మ వెనక

ఒకప్పుడు, రక్తాక్షి అనే సంవత్సరంలో, వేసవి మొదట్లో, భూమి లోపల రెండు పెద్ద బండలు ఒకదాన్నొకటి ఆనుకుని పోట్లాడుకుంటున్నాయి.

"జరుగు."

"నువ్వే జరుగు."

"నేను ముందొచ్చాను."

"అయితే? నేను పెద్దదాన్ని."

ఇలా ఒత్తుకుంటూ బిగుసుకుని కూచునేవి. బిగువు ఇక పట్టలేనప్పుడు ఫెళ్ళున జారేవి. జారినప్పుడల్లా వాటి మధ్య నుంచి ఇద్దరు అన్నాచెల్లెళ్ళు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. అన్న తోపన్న. ఎదురున్నదాన్ని ముందుకు తోస్తూ పోతాడు. చెల్లెలు ఊపమ్మ. పక్కకి లాగి, ఇటూ అటూ ఊపుతూ పోతుంది.

అప్పట్లో ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని ఒక్కసారే వచ్చేవాళ్ళు. వస్తే ఇంకేముంది? పుట్టలు కూలేవి, గట్లు విరిగేవి. పారిపోవడానికి ఎవరికీ వ్యవధి ఉండేది కాదు.

ఆ బండలకు దగ్గర్లోనే, పైన చేనుగట్టులో, ఒక పందికొక్కు కాపురం. దాని పిల్లలకింకా కళ్ళు తెరుచుకోలేదు. మొన్నటి ఊపుకు కలుగు కప్పు సగం కూలితే, మట్టి తవ్వి పిల్లల్ని దక్కించుకుంది. ఆ కోపంతోనే తవ్వుకుంటూ తవ్వుకుంటూ బండల దాకా దిగింది.

"అయ్యా, మీరు కొట్టుకుంటే కొట్టుకోండి. జారేముందు ఒక్క కబురు పెట్టకూడదూ? నా పిల్లల్ని నోట కరుచుకుని బయటపడతాను."

"ఎప్పుడు జారతామో మాకే తెలియదమ్మాయ్," అన్నాయి బండలు. ఆ ఒక్క మాట మీద మాత్రం రెండూ ఏకమయ్యాయి.

పందికొక్కు అన్నాచెల్లెళ్ళ వైపు తిరిగింది. "పోనీ, మీలో ఒకరు ముందొచ్చి తలుపు తట్టండి. రెండోవాళ్ళు ఆగి రండి."

"నేను ముందు," అన్నాడు తోపన్న.

"ఎందుకూ? మీసాలున్నాయనా?" అంది ఊపమ్మ. "నేనే ముందు!"

"నువ్వు తలుపు తట్టవు తల్లీ, తలుపే ఊడబెరుకుతావు," అంది పందికొక్కు.

ఊపమ్మ వింటేనా? పందెం వేసింది. భూమి కడుపులో ఇనుము కరిగి నిలిచిన మహా మడుగు ఒకటుంది. దాన్ని దాటి ఎవరు ముందు అవతలి ఒడ్డు చేరితే వాళ్ళదే ముందు నడక.

తోపన్న దూకాడు. మొదటి బొట్టును తోశాడు. అది పక్కబొట్టును తోసింది, అది ఇంకోదాన్ని. "జరగండి, జరగండి" అంటూ తిరునాళ్ళ జనంలో దారి చేసుకున్నట్టు అవతలికి చేరాడు.

ఊపమ్మ ఒడ్డున నిలబడి ఒక బొట్టు చేయి పట్టి పక్కకి లాగింది. చేయి జారిపోయింది. ఇంకో బొట్టును లాగింది. అదీ జారింది.

"గట్టిగా పట్టుకోరేం?" అని అరిచింది.

"పట్టు ఉండటానికి మేమేమన్నా రాళ్ళమా అక్కా?" అని బొట్లు నవ్వాయి. "నువ్వు లాగితే మేం జారతాం, అంతే."

ఊపమ్మ మూతి ముడుచుకుంది. "సరే, వెనకే వస్తాను. కానీ నా ఊపు మాత్రం తగ్గించను, చూసుకోండి!"

కొన్నాళ్ళకు బండలు మళ్ళీ జారాయి. తోపన్న ముందొచ్చి కలుగును టకటకా కుదిపాడు. పందికొక్కు ఒక పిల్లను కరుచుకుని గట్టు మీదికి ఉరికింది. మళ్ళీ లోపలికి దూరింది, ఇంకోదాన్ని తెచ్చింది. దారి పొడుగునా ఊపమ్మ వెనకబడుతూ వచ్చింది కాబట్టి, బండలకు దూరంగా ఉన్నవాళ్ళకు ఇంకాస్త వ్యవధి దొరికింది. పందికొక్కు కలుగు మరీ దగ్గర. అది మరోసారి వెనక్కి తిరిగేసరికి ఊపమ్మ వచ్చేసింది.

అప్పటినుంచే భూకంపంలో ముందు చిన్న కుదుపు, ఆ వెనక పెద్ద ఊపు. అప్పటినుంచే ఊపమ్మ కరిగిన మడుగులో అడుగు పెట్టదు.

పందికొక్కు ఆఖరి పిల్ల కలుగులోనే ఉండిపోయింది.