అలాయ్ బలాయ్ వద్దన్న కుందేలు

దసరా సాయంత్రం. గుట్ట కింద జమ్మిచెట్టు దగ్గర జంతువులన్నీ చేరాయి. జమ్మి ఆకు ఇచ్చుకోవడం, అలాయ్ బలాయ్ అంటూ గుండెకు హత్తుకోవడం అక్కడి ఆనవాయితీ. పండగ మంచిదే. మీదపడి ప్రేమ కురిపించేవాళ్లే నాకు గిట్టరు.

అలాంటివాళ్లలో మొదటివాడు నక్క మామ. ఎవరిని కావలించుకున్నా మెడలో ముక్కు పెట్టి "బాగున్నవా బిడ్డా?" అంటూ ఎంతకీ వదలడు. నిరుడు కౌజుపిట్టను అలాగే వాటేసుకున్నాడు. తెల్లారేసరికి దాని గూట్లో గుడ్లు లేవు. ఆ పిచ్చిది మళ్లీ నక్క మామ భుజం మీదే తలపెట్టి ఏడ్చింది! ఆ కౌగిలింతలో మామ ముక్కుపుటాలు అదరడం చూసింది కుందేలు మల్లవ్వ ఒక్కతే.

ఈ ఏడు మల్లవ్వకు ఒకటే గుండె దడ. ఈమధ్యే ఈనింది. ఇద్దరు పిల్లల్ని పల్లిచేలో దాచింది. తన వాసన పిల్లలకు అంటకూడదని పగలంతా దగ్గరికి కూడా పోదు, పొద్దుగూకాక వెళ్లి పాలిచ్చి వస్తుంది. ఇప్పుడు మామ కావలించుకుంటే పాల వాసన పట్టేస్తాడు. పొట్టకంటిన మట్టి ఏ చేనుదో కూడా పట్టేస్తాడు. పోనీ పండక్కి రాకపోతే, ఎందుకు రాలేదంటూ వెతుక్కుంటూ వస్తాడు. అందుకే వచ్చి, ఓ చివరన నిలబడింది.

"ఏందే మల్లవ్వా, ఆడనే నిలవడ్డవ్? ఇటు రా!" అంది బర్రె పెద్దవ్వ.

"ఈడ బాగనే ఉంది పెద్దవ్వా."

"పండుగ పూట గింత బెట్టు ఎందుకే?"

ఈలోగా నక్క మామ ముంగాళ్లు చాపుకుంటూ రానే వచ్చాడు. "నా బిడ్డకు నా మీద కోపమొచ్చినట్టుంది."

మల్లవ్వ వెనక్కి జరిగింది. వీపుకు ముళ్లకంప తగిలింది. ఇంక పోవడానికి చోటు లేదు.

"ఆగు మామా! నాకు గజ్జి పట్టింది!"

అంతే. బర్రె పెద్దవ్వ, అంత లావు మనిషీ, ఎగిరి అవతల పడింది. చూస్తుండగానే మల్లవ్వ చుట్టూ బండి తిరిగేంత చోటు ఖాళీ అయింది. ఆహా, ఆ చోటులో ఎంత సుఖం! చెవిలో తుంపర్లు పడేలా పెద్దవ్వ చెప్పే కోడళ్ల ముచ్చట్లు లేవు. తన గడ్డిలో ఇంకొకరి మూతి లేదు. "జర మా పిల్లలను చూస్తుండవే" అని అంటగట్టేవాళ్లు లేరు. అయినా భయం పోలేదు. నక్క మామ కదల్లేదు మరి.

"గజ్జి అయితేంది బిడ్డా? ప్రేమకు గజ్జి అడ్డమా?" అంటూ ఇంకో అడుగు వేశాడు.

"ఎంత మంచి మనసు!" అన్నారందరూ. మల్లవ్వకు ఏడుపొక్కటే తక్కువ. చెవులైనా సరిగ్గా నిలవని ఆ రెండు ప్రాణాలు కళ్లముందు మెదిలాయి.

"నీ ఇష్టం మామా," అంది వణుకుతూ. "కానీ ముందే చెప్తున్న. మెడ మీద మొదలైతది. చీమలు పాకినట్టుంటది. తర్వాత చెవి వెనక సురసుర. గోకొద్దు, గోకొద్దు అనుకున్నకొద్దీ..."

దురద మాట వింటుంటే ఎవరి ఒళ్లు ఊరుకుంటుంది? పెద్దవ్వ తోక విసరబోయి ఆపుకుంది. కౌజుపిట్ట రెక్కలు బిగబట్టింది. నక్క మామ పళ్లు బిగించాడు, కళ్లు మూసుకున్నాడు, ఇక ఆగలేక వెనక్కాలెత్తి చెవి వెనక బరబరా గోక్కున్నాడు.

"వామ్మో! మామకు అంటింది!" అని అరిచింది కౌజుపిట్ట.

"ఛీ ఛీ, నాకేం లేదు!" అంటూనే మామ మళ్లీ గోక్కున్నాడు. మామ ఎటు వెళ్తే అటున్నవాళ్లంతా దూరంగా పరుగు. చివరికి బర్రె పెద్దవ్వ కొమ్ములు వంచింది. "ఇగ మా దిక్కు రాకు మామా. ఏదున్నా గుట్ట మీదికెళ్లి మాట్లాడు." మామ గుట్ట ఎక్కేదాకా ఆ కొమ్ములు వెంటే ఉన్నాయి.

పొద్దుగూకాక మల్లవ్వ చుట్టుతిరిగి పల్లిచేలోకి వెళ్లింది. రెండు చిన్న మూతులు పొట్ట వెతుక్కున్నాక గానీ వణుకు తగ్గలేదు.

ఆ ఏడు కౌజుపిట్ట గుడ్లన్నీ పిల్లలయ్యాయి. మల్లవ్వ గజ్జి మాత్రం, ఎప్పుడడిగినా, ఇంకా తగ్గలేదు.

ప్రేమున్నవాడు అల్లంత దూరం నుంచైనా బాగున్నావా అంటాడు. మెడ మీద పడితే గానీ అడగలేనివాడి ముక్కు ఏం చేస్తోందో ఓ కంట చూసుకోండి.